స్కెల్‌విక్ ఊరి క్వయర్ చరిత్ర

లండన్,
14 జనవరి

ప్రియమైన బెరిల్ అత్తయ్యకి,

క్రిస్మస్‌కి నువ్వు అల్లి పంపిన చేతితొడుగులు అందాయి. రెండూ ఎడమచేతివే అయినా వెచ్చగా ఉన్నాయి. ఇద్రిస్ ఒకటి, నేనొకటి పంచుకున్నాం. మేమిద్దరం కలిసి బయటికెళ్ళినప్పుడు తను నా కుడిచెయ్యి పట్టుకుని నడుస్తాడు కనక ఇబ్బంది లేదు.

ఫోన్‌లో నా మాటలు నీకు గాలిహోరులా వినిపిస్తాయన్నావుగా, అందుకే ఉత్తరం. బడిపిల్లలకి సంగీతం చెబుతూ, వాళ్ళ పిల్లనగ్రోవుల కీచుల మధ్యనే కొన్నేళ్ళుగా రాస్తున్న నా మొదటి ఒపేరా పూర్తయింది. విక్టోరియా రాణి కాలంనాటి క్వీర్ చరిత్ర మీద. కథ జరిగింది ఎక్కడనుకున్నావు? మీ స్కెల్‌విక్‌లోనే!

ఆ రోజుల్లో మీ ఊళ్ళో జోసయా ప్లంట్రీ అని టోపీలు కుట్టేవాడు, ఆంబ్రోస్ కెటిల్‌వెల్ అని రొట్టెలు కాల్చేవాడు ఉండేవారు. ఇద్దరూ ఒకే ఇంట్లో కాపురం. తమలాంటి వాళ్ళందరినీ చేరదీసి, మద్యనిషేధ సంఘం వాళ్ళ హాల్లో శనివారాలు పాటలు పెట్టుకునేవారు. మగవాళ్ళంతా నిండుగా గౌన్లు వేసుకుని వచ్చేవారు. ఒకసారి పోలీసులు తలుపులు పగలగొట్టి అందర్నీ స్టేషన్లో పడేశారు. పొద్దున్నే సంతవీధిలో నడిపించారు. తల్లులూ, ఇంటివాళ్ళూ పరుగెత్తుకొచ్చి ప్యాంట్లు అందిస్తే మిగతావాళ్ళు తొడుక్కున్నారు. కెటిల్‌వెల్ మాత్రం "పట్టుకున్నప్పుడు ఎలా ఉన్నానో అలాగే నడుస్తాను" అని గౌనుతోనే కోర్టుకి వెళ్ళాడు. నా ఒపేరాకి గుండెకాయ ఆ నడకే.

ఆ హాలు ఇంకా నిలబడే ఉందిగా! జూన్‌లో అక్కడే ఆడాలని మా కోరిక. మాది చాలా చిన్న కంపెనీ అత్తయ్యా. ముగ్గురు గాయకులు, ఒక పియానో. బృందగానానికి మనుషులు లేరు. నువ్వు నడిపే చర్చి పాటల బృందం వస్తే తప్ప ఇది జరగదు. విషయం మీవాళ్ళలో కొందరికి మింగుడుపడదేమో. మొహమాటపడకుండా చెప్పు.

మీ ఇంట్లో డిలిస్ ఆంటీని కూడా అడిగానని చెప్పు.

నీ మేనల్లుడు,
ఫెలిక్స్


స్కెల్‌విక్,
22 జనవరి

ఒరే ఫెలిక్సూ,

నీ కోడికాళ్ళ రాత చదవడానికి నా కళ్ళజోడు, డిలిస్ భూతద్దం రెండూ కావలసి వచ్చాయి. అర్థమయ్యాక ఇద్దరం వంటింట్లో గంతులేశాం. డిలిస్ మోకాలు పట్టేసింది. ఉప్పుకాపడం పెట్టాను.

క్వయర్ చరిత్ర! మా అందరి బతుకుమీదా ఒపేరా కట్టాలని ఇన్నాళ్ళకి నీకైనా తట్టిందిరా! విషయం మింగుడుపడదా అని అడుగుతావేమిటి? మన వంశమే క్వయర్ వంశం. మీ ముత్తాత క్వయర్. మీ తాతయ్య ఎంత గట్టి క్వయరంటే, పెళ్ళిరోజున కూడా మీ నాయనమ్మని గుమ్మందగ్గర నిలబెట్టి, తను వెళ్ళి మగవాళ్ళ మధ్య నించున్నాడు. మీ నాన్న కూడా పెళ్ళయ్యేదాకా క్వయరే. ఎంత ముద్దుగా ఉండేవాడనీ! మీ అమ్మ వచ్చి మానిపించింది. నా మరదల్ని అన్నీ క్షమించాను గాని అదొక్కటి క్షమించలేదు.

నేనూ, డిలిస్ అయితే సరేసరి. మేము మొదట కలిసిందే క్వయర్ వల్ల. ఊరందరికీ తెలుసు. దాపరికం దేనికి?

పోలీసులు పట్టుకుపోయారంటే మాత్రం నోరు తెరిచాను. పాడినందుకా? అయితే మా మంద్రస్వరం వాళ్ళు గొంతెత్తినప్పుడు నాకూ అప్పుడప్పుడు పోలీసుల్ని పిలవాలనిపిస్తుందనుకో. గౌన్ల గురించి బెంగపడకు. ఊదారంగువి మా బీరువాలో బోలెడున్నాయి. చిమటలు కొట్టాయి గాని దూరంనించి కనబడదు. అయినా ఆ ప్యాంట్ల గొడవేమిటో నాకు బోధపడలేదు. మావాళ్ళు ప్యాంటు మీదే గౌను వేసుకుంటారు. ఆ కాలపువాళ్ళకి బొత్తిగా చలి వేసేది కాదేమో.

మా అధ్యక్షుడు పాక్లింగ్టన్‌గారు నీకు తెలుసుగా? గడ్డపారలూ మేకులూ అమ్మే కొట్టాయన. ఆయన ఛాతీ పొంగించి, "ఈ ఊరి క్వయర్ చరిత్ర నాకంటే ఎవడికి తెలుసండీ? కుర్రాణ్ణి నా దగ్గరికి పంపండి" అన్నాడు. హాలు మనదే. మేమూ నీవాళ్ళమే.

ఇద్రిస్‌కి కుడిచేతి తొడుగు అల్లుతున్నాను.

పొంగిపోతున్న మీ అత్తయ్య,
బెరిల్


లండన్,
5 ఫిబ్రవరి

అత్తయ్యా,

నీ ఉత్తరం చదివి వంటింట్లో నేలమీదే కూలబడ్డాను. ఇద్రిస్ కంగారుపడి, ఎవరు పోయారని అడిగాడు. "ఎవరూ పోలేదు. మావాళ్ళంతా ఇప్పుడే పుట్టారు" అన్నాను. నీ రాత కూడా ఏమంత ముత్యాలకోవ కాదులే, కాని ఆ ఒక్క మాటా నాకు ఎంత స్పష్టంగా కనిపించిందో!

తాతయ్య! పెళ్ళిరోజునే! పాపం నాయనమ్మ.

నాన్న సంగతి నాలుగైదుసార్లు చదివాను. కాలేజీలో చేరే ముందు నేను వణుకుతూ నా సంగతి చెప్పినప్పుడు ఆయన "సరేలేరా, టీ తాగుతావా?" అని ఊరుకున్నాడు. మనసులేని మనిషి అనుకున్నానప్పుడు. ఆ టీ వెనకాల ఇంత ఉందా! అమ్మ మానిపించిందా? అది మానితే మానేదా అత్తయ్యా! వచ్చే ఆదివారం లీడ్స్ వెళ్ళి ఆయన్ని గట్టిగా వాటేసుకుంటాను.

నువ్వూ, డిలిస్ ఆంటీ! నేనెంత గుడ్డివాణ్ణి. వేసవి సెలవలన్నీ మీ ఇంట్లోనే గడిపానే! "దాపరికం దేనికి" అని ఎంత తేలిగ్గా రాశావు! ఆ వాక్యం కత్తిరించి నా పియానోకి అంటించుకున్నాను.

పాక్లింగ్టన్‌గారా? ముగ్గురు పిల్లల తండ్రి, గడ్డపారల కొట్టు పాక్లింగ్టన్‌గారా? లోకం ఎంత విశాలమైంది!

ఒక్క సందేహం. మీ ఊళ్ళో మొత్తం ఎంతమంది ఉంటారు?

కళ్ళు తుడుచుకుంటూ,
ఫెలిక్స్


స్కెల్‌విక్,
12 ఫిబ్రవరి

ఒరే నాయనా,

నువ్వు ప్రతిదానికీ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం మీ అమ్మ పోలిక.

ఎంతమందా? ముప్ఫైమందికి పైనే. ఎక్కువ ఆడవాళ్ళం. ఎప్పుడూ మగవాళ్ళకే కరువు. అందుకని లైఫ్‌బోటు మీద పనిచేసే కుర్రాళ్ళు ఆరుగురిని పట్టుకొచ్చాను. తుఫానులో పడవ మునిగితే దూకి మనుషుల్ని లాక్కొచ్చేవాళ్ళు, నన్ను చూసి గోడకి అంటుకుపోయారు. "మేము అలాంటివాళ్ళం కాదండీ మిస్ థ్రోసెల్, మాకు చేతకాదు" అన్నారు. "పుట్టుకతో ఎవరికీ చేతకాదురా. సిగ్గు వదిలేసి నోరు బాగా తెరవండి, గంటలో వచ్చేస్తుంది" అన్నాను. ఇప్పుడు ఇంటికెళ్ళమన్నా వెళ్ళరు. వాళ్ళ భార్యలు వచ్చి కిటికీలోంచి చూసి మురిసిపోతున్నారు.

ఊరంతా పోస్టర్లు అంటించాం. "మీలో దాగున్న క్వయర్‌ని బయటికి తీయండి! అనుభవం అక్కర్లేదు. టీ, స్కోన్ బన్నులు మావి." మాటలు డిలిస్‌వి. పాక్లింగ్టన్‌గారు పత్రికవాళ్ళకి ఫొటో కూడా ఇచ్చాడు. "నేను ఏడో ఏటినించీ క్వయర్‌ని. మా నాన్నగారే చెయ్యిపట్టుకుని తీసుకొచ్చారు. ఇవాళ్టి కుర్రకారుకి ఆ అదృష్టం లేదు" అని పడింది. కొట్టు అద్దానికి అంటించుకున్నాడు.

నువ్వు నీ పాటల కాయితాలు త్వరగా పంపు. ఊరికే టీ తాగించి ఎన్నాళ్ళు కూచోబెట్టను?

బెరిల్


లండన్,
20 ఫిబ్రవరి

అత్తయ్యా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. డిలిస్ ఆంటీని కూడా కూర్చోబెట్టు. ఈసారి ముఖ్యమైన మాటలు బొద్దక్షరాల్లో రాస్తున్నాను.

ఆదివారం లీడ్స్ వెళ్ళాను. నాన్న బంగాళాదుంపలు చెక్కుతున్నాడు. వెనకనించి వాటేసుకున్నాను.

"నాన్నా, నాకంతా తెలిసిపోయింది. అత్తయ్య చెప్పింది. పెళ్ళికి ముందు నువ్వు కూడా..."

"ఓ, అదా! అవున్రా. శుక్రవారం శుక్రవారం వెళ్ళేవాణ్ణి."

"ఎందుకు మానేశావు నాన్నా?"

"ఫుట్‌బాల్‌కి అడ్డొచ్చేది. మీ అమ్మక్కూడా చిరాకు. ఇంటికొచ్చాక కూడా ఆపేవాణ్ణి కానని."

"అంత తేలిగ్గా వదిలేశావా? ఒక్కడివే ఎంత కుమిలిపోయుంటావో!"

"కుమలడమేముంది? ఇప్పటికీ స్నానాలగదిలో ఒక్కణ్ణే కానిస్తుంటాను."

నేను ఇంకా గట్టిగా వాటేసుకుని, "నీలో ఉన్న క్వీర్‌ని చంపేసుకున్నావు నాన్నా" అని బావురుమన్నాను. నాన్న కత్తి కింద పెట్టాడు. అమ్మ చేతిలోంచి గిన్నె జారింది. చివరికి అమ్మే, "ఒరే వెర్రివెధవా! మీ నాన్న క్వయర్‌రా! క్వయర్! చర్చిలో పాడేవాడు!" అని అరిచింది.

రైల్లో నీ ఉత్తరాలు తీసి మళ్ళీ చదివాను. అన్నింట్లోనూ క్వయరే. నువ్వేమో నా క్వీర్‌ని క్వయర్ అని చదివావు, నేనేమో నీ క్వయర్‌ని క్వీర్ అని చదివాను.

అత్తయ్యా, నా ఒపేరా క్వయర్ గురించి కాదు. క్వీర్ చరిత్ర గురించి. మగవాణ్ణి ప్రేమించిన మగవాళ్ళు, ఆడదాన్ని ప్రేమించిన ఆడవాళ్ళ గురించి. ప్లంట్రీ, కెటిల్‌వెల్ పాటల జంట కాదు, ఆలుమగల్లా బతికినవాళ్ళు. వాళ్ళ గౌన్లు లేసులూ కుచ్చిళ్ళూ ఉన్న పట్టుగౌన్లు. ఊరంతా పోస్టర్లు వేయించావు. పాక్లింగ్టన్‌గారి ఫొటో పత్రికలో పడింది. ఆయన కొట్టు ముందునించి నేనీ జన్మలో నడవలేను.

మీరందరూ తప్పుకుంటే నేనేమీ అనుకోను. ఒపేరా ఆగిపోతుంది, అంతే.

అన్నిటికంటే సిగ్గైన సంగతి, నీ గురించీ డిలిస్ ఆంటీ గురించీ ఏదేదో ఊహించుకుని రాశాను. పెద్దవాళ్ళని అవమానించాను. క్షమించు.

తలెత్తలేని,
ఫెలిక్స్


స్కెల్‌విక్,
1 మార్చి

ఫెలిక్స్,

కూర్చునే చదివాం. తర్వాత డిలిస్ పడుకుని నవ్వింది. నేను నవ్వలేదు. నాకు పోస్టర్లు గుర్తొచ్చాయి.

శుక్రవారం రిహార్సల్‌కి అందరూ వచ్చాక నీ బొద్దక్షరాలు పైకి చదివాను. టీకెటిల్ ఒక్కటే బుసకొడుతోంది. పాక్లింగ్టన్‌గారు మెల్లగా లేచాడు. మొహం బీట్‌రూట్ ముక్క.

"అయితే పత్రికలో నేను అన్నది..."

"ఏడో ఏటినించీ అన్నారండీ" అంది వెనకనించి ఎవరో పుణ్యాత్మురాలు.

"మా నాన్నగారే చెయ్యిపట్టుకుని తీసుకొచ్చారు" అని పూర్తిచేశాడు లైఫ్‌బోటు కుర్రాడొకడు.

ఆయన టోపీ పెట్టుకున్నాడు. "మిస్ థ్రోసెల్, ఇలాంటి చరిత్ర ఈ ఊరికి లేదు. ఉన్నా అక్కర్లేదు. మర్యాదస్తుల ఊరిది. ఎవడో లండన్ కుర్రాడు పుట్టించిన కథకి మన హాలు ఇవ్వనివ్వను. అలాంటివాళ్ళెవరైనా ఇక్కడున్నారా? ఉంటే లేవమనండి!"

ఎవరూ కదల్లేదు. నేను మోకాళ్ళ మీది పాటల పుస్తకం వైపే చూస్తున్నాను రా ఫెలిక్స్. జీవితమంతా గొంతు తెరవమని అందరికీ నేర్పినదాన్ని, అప్పుడు నాకు ఊపిరి కూడా రాలేదు.

డిలిస్ లేచింది. ఆ మోకాలితో లేవడానికి సమయం పట్టింది. "నేనున్నానండీ. బెరిల్‌గారింట్లో రెండో పడగ్గది ఉంది చూశారా, అందులో పండ్లజామ్ సీసాలే ఉన్నాయి. నేను వచ్చిన దగ్గర్నించీ మంచం వెయ్యడానికి చోటు లేదు. మరి నేనెక్కడ పడుకుంటున్నాననుకున్నారు ఇన్నేళ్ళూ?" అంది.

అప్పుడు చేపలకొట్టు మిసెస్ గార్‌సైడ్, "మాకు తెలుసు తల్లీ. ఆ జామ్ బావుంటుంది గనక అడగలేదు" అంది. అంతే, హాలంతా గొల్లుమంది. నేను ఏడ్చాను. మీ అమ్మకి చెప్పకు.

పాక్లింగ్టన్‌గారు వెళ్ళిపోయారు. మంద్రస్వరం వాళ్ళలో ఇంకో ఇద్దరు వెనకాలే పోయారు. మిగతావాళ్ళు ఉన్నారు, హాలు మనకే అని చేతులెత్తారు. కుర్రాళ్ళని నేనే విడిగా పిలిచి, "మీరు తప్పుకున్నా తప్పులేదు" అన్నాను. వాళ్ళలో పెద్దవాడు, "అది కాదండీ, మాకు ఇప్పుడు లేసులున్న గౌన్లు ఇస్తారన్నమాటేగా?" అన్నాడు.

నువ్వు నన్ను క్షమాపణ అడిగావు. దేనికి? తప్పుదారిన వచ్చినా సరైన గుమ్మం తట్టావు. మాకు మీలాగా దానికో మాట లేదురా. నేనూ డిలిస్ ఆ సంగతి ఒకరితో ఒకరం కూడా ఎప్పుడూ అనుకోలేదు. పొద్దున్నే ఎవరు ముందు లేస్తే వాళ్ళు టీ పెట్టేవాళ్ళం. నువ్వు నీ పియానోకి అంటించుకున్న వాక్యం తలుచుకుని మాత్రం సిగ్గేసింది. తెలియక రాసిన ధైర్యం అది. ఇప్పుడు తెలిసే రాస్తున్నాను. దాపరికం లేదు.

పాటలు పంపు. డిలిస్ చర్చి పాత కర్టెన్లు కత్తిరిస్తోంది.

మీ అత్తయ్యలిద్దరూ,
బెరిల్, డిలిస్


లండన్,
12 జూన్

అత్తయ్యా,

పడుకుని రాస్తున్నాను. నాకు ఆటలమ్మ పోసింది. మా బళ్ళో పసిపిల్లలు తలా ఒక పొక్కు పంచిపెట్టారు. శనివారం రాలేను. నా మొదటి ఒపేరాకి నేనే లేను. డాక్టరు "పొక్కులు మాడేదాకా బయటికెళ్ళకండి" అని నవ్వుతూ చెప్పి పోయాడు. ఇద్రిస్ నాకు కాలమైన్ మందు పూస్తున్నాడు. ఇప్పుడు నేను సున్నం వేసిన గోడలా ఉన్నాను.

అమ్మా నాన్నా వస్తామన్నారు. అమ్మతో గొడవపడకు.

నాకు జరిగింది జరిగినట్టు రాయి. ఎవరైనా లేచి వెళ్ళిపోయినా రాయి.

గోక్కోకూడదని చేతులకి నీ తొడుగులు తొడుక్కున్న,
ఫెలిక్స్


స్కెల్‌విక్,
17 జూన్

ఒరే ఫెలిక్సూ,

లేచి వెళ్ళిపోయారు. అందరూ వెళ్ళిపోయారు. గుండె పట్టుకోకు, చెబుతాను.

హాలు కిటకిటలాడింది. సగంమంది ఒపేరాకి, సగంమంది లైఫ్‌బోటు కుర్రాళ్ళ కాళ్ళు చూడ్డానికి. మొదటి అంకం దివ్యంగా సాగింది. మీ కంపెనీ గాయకుడు కెటిల్‌వెల్‌గా రొట్టెలు పిసుకుతూ పాడిన పాటకి మిసెస్ గార్‌సైడ్ బాహాటంగా ముక్కు చీదింది. రెండో అంకంలో మన కుర్రాళ్ళు ఆరుగురూ వచ్చారు. కర్టెన్ గౌన్లు, లోపల సైకిలు చక్రాలంత తీగచట్రాలు, చేతుల్లో విసనకర్రలు. పోలీసులు తలుపు తట్టే ఘట్టం. సరిగ్గా అప్పుడు ఆరుగురి నడుముల దగ్గరా, సముద్రంలో ఆపదొస్తే మోగే పేజర్లు ఒక్కసారి కీమన్నాయి.

జనం అది నీ సంగీతమే అనుకుని చప్పట్లు కొట్టారు. కొత్తరకం ఒపేరా కదా.

కుర్రాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. విసనకర్రలు పారేసి, గౌన్లు మోకాళ్ళదాకా ఎత్తిపట్టుకుని, జనం మధ్యలోంచి రేవుకి పరుగో పరుగు. మార్చుకునే వ్యవధి ఎక్కడిది? జనం వాళ్ళ వెనకాల. నేను పియానో వాయించేవాణ్ణి పట్టుకులాక్కుంటూ జనం వెనకాల. వెలుతురు ఇంకా బాగానే ఉంది. గౌన్లతోనే పడవ తోశారు. తీగచట్రాలు పట్టక ఒడ్డునే విడిచేశారు. అవి కాసేపు రాళ్ళ మీద వాటంతటవే దొర్లాయి.

ఆపదలో ఉన్నది పాక్లింగ్టన్‌గారు. మన పాట చెవిన పడకూడదని పంతంపట్టి ఒక్కడే చిన్నపడవ వేసుకుని చేపలకి పోయాడట. ఇంజను ఆగిపోయింది. పడవ కొట్టుకుపోయి రాళ్ళ దగ్గర బోర్లాపడింది. ఆయన ఒక రాయి పట్టుకుని వేలాడుతున్నాడు. నవ్వే సంగతి కాదు ఫెలిక్స్. ఆయన భార్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మీ నాన్న ఆవిణ్ణి ఇంకోపక్కనించి పట్టుకున్నాడు. ఆ నీళ్ళు జూన్‌లో కూడా మనిషిని చంపేస్తాయి.

తెచ్చారు. బతికే తెచ్చారు. పెద్దవాడు ఆయన్ని భుజాన వేసుకుని మెట్లెక్కుతుంటే, లేసులన్నీ చిరిగి నీళ్ళు కారుతున్నాయి. పాక్లింగ్టన్‌గారు కళ్ళు తెరిచి, "చచ్చిపోయాననుకున్నా. దేవదూతలొచ్చారనుకున్నా. తర్వాత గడ్డాలు చూశాను" అన్నాడు.

కుర్రాళ్ళ భార్యలు పొడిబట్టలు, ప్యాంట్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. పెద్దవాడు వాళ్ళావిడ చేతిలోది చూసి, "ఉండవే, ఆఖరి పాట మిగిలిపోయింది. అది కానియ్యి" అన్నాడు. మిగతా ఐదుగురూ అలాగే తడిసిన గౌన్లతో వరసగా నించున్నారు. ఒక్కరు కూడా నవ్వలేదురా. వాళ్ళూ నవ్వలేదు, జనమూ నవ్వలేదు. పియానో లేదు. నేను చెయ్యెత్తాను.

నువ్వు రాసిన కోర్టునడక పాట, రేవులో, ఆ గాలిలో పాడాం. మీ అమ్మ కూడా గొంతు కలిపింది. ఎంత ఘోరంగా పాడుతుందిరా! పాపం, తనకి రాదు గనకనే మీ నాన్నని మానిపించిందని ఇప్పుడర్థమైంది. క్షమించేశాను.

చివర్లో అసలు చిక్కు. నువ్వు రాసిన ఆ కింది స్వరం ఉంది చూశావూ, దానికి మా దగ్గర గొంతు చాలదు. మంద్రస్వరం వాళ్ళు వెళ్ళిపోయారుగా. అది లేకపోతే పాట నేలకి ఆననట్టుంటుంది. ఎలారా భగవంతుడా అని చెయ్యి ఊపుతున్నాను. నా వెనకనించి ఆ స్వరం వచ్చింది, గునపం నేలలో దిగినట్టు. తిరిగి చూశాను. పాక్లింగ్టన్‌గారు. అంబులెన్సు మెట్టు మీద, వెండిరంగు కాయితం దుప్పటి కప్పుకుని, పళ్ళు టకటకలాడుతూ, కళ్ళు మూసుకుని పాడుతున్నాడు. పాట కాయితాలు నేను అందరికీ పంచకముందే ఎవరికీ తెలియకుండా ఆయన నా అట్టపెట్టెలోంచి ఒక కాపీ పట్టుకుపోయి నేర్చుకున్నాడని వాళ్ళావిడ నాతో తర్వాత చెప్పింది. అయిపోయాక నావైపు చూడకుండా, "వీళ్ళకి మంద్రం ఎప్పుడూ తక్కువేనండీ, ఎవరో ఒకరు చూసుకోవాలిగా" అని గొణిగి అంబులెన్సు ఎక్కేశాడు.

ఊరంతా ఆయన వైపే చూస్తోంది. అప్పుడే డిలిస్ వచ్చి, నా చెయ్యి తీసుకుని తన కోటుజేబులో పెట్టుకుంది. ఇంటిదాకా అలాగే నడిచాం, సంతవీధిలోంచి. దారిలో ఒకరిద్దరు టోపీ తీసి "బాగా పాడారు" అన్నారు. "బాగా చల్లగా ఉంది" అంది డిలిస్.

పొక్కులు గోక్కోకు. మచ్చలు పడతాయి.

మీ
బెరిల్ అత్తయ్య